పాప ప్రీస్కూల్‌లో ఉన్న గంటలకి చైల్డ్‌మైండర్‌కి డబ్బులివ్వాలా? ఇంగ్లండ్‌లో ఉన్న మన తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

మా పాపకి ఫిబ్రవరిలో మూడేళ్లు నిండాయి. ఏప్రిల్ నుంచి దగ్గర్లోని ప్రీస్కూల్‌లో వారానికి మూడు రోజులు, పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు వరకు చోటు దొరికింది. ఆ గంటలకి ప్రభుత్వమే డబ్బు కడుతుంది. మిగతా రోజంతా ఎప్పటిలాగే చైల్డ్‌మైండర్ (డబ్బు తీసుకుని తన ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే ఆవిడ) దగ్గర. రోజుకి మూడు గంటల ఫీజు మిగులుతుందని నేనూ మావారూ లెక్కలు కూడా వేసుకున్నాం. నెలాఖరుకి ఇన్వాయిస్ వచ్చింది. ఒక్క పౌండు కూడా తగ్గలేదు.

మర్నాడు పాపని దింపేటప్పుడు అడిగాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించిన కాగితం తీసి వంటగది బల్ల మీద పరిచారు. మూడు నిలువు గళ్లు, ముగ్గురు పిల్లల పేర్లు. రెండు గళ్లు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా నిండుగా రంగు వేసి ఉన్నాయి. మా పాప గడిలో మధ్యలో మూడు గంటలు తెల్లగా ఉంది, ఆ తెల్ల గడిలో పెన్సిల్‌తో చిన్న ఫోన్ బొమ్మ. "ఈ మూడు గంటలకే, అదీ స్కూలు ఉన్న రోజుల్లోనే వచ్చే ఇంకో పిల్ల నాకెక్కడ దొరుకుతుంది? పదిన్నరకి ప్రీస్కూల్ నుంచి ఫోన్ వస్తే వెళ్లాల్సింది నేనే కదా?" అన్నారు.

ఆ కాగితం చూశాకే నాకు విషయం అర్థమైంది. బస్సులో కర్చీఫు వేసి సీటు ఆపినట్టు, మన పిల్ల అక్కడ లేకపోయినా ఆ చోటు మన పేరు మీదే ఆగి ఉంటుంది. మనం కడుతున్నది ఆ చోటుకి. కాబట్టి "పాప లేని గంటలకి ఎందుకివ్వాలి?" అని మొదలుపెడితే మాట ముందుకు సాగదు. "ఆ గంటల్లో ఆ చోటు ఎవరి చేతిలో ఉంది?" అని అడిగితే సమాధానం దానంతటదే తేలుతుంది. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే ఉంటుంది. ఇందులోని నియమాలు ఇంగ్లండ్‌వి. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ఉచిత గంటల పథకాలు వేరు.

మొదటి అడుగు: మీకు ఏ గంటలు వస్తాయో తేల్చుకోండి

చైల్డ్‌మైండర్‌తో మాట్లాడే ముందు ఈ లెక్క మీ దగ్గర ఉండాలి. మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ వారానికి 15 గంటలు, ఏడాదికి 38 వారాలు, అంటే మొత్తం 570 గంటలు ఉచితం. దీనికి తల్లిదండ్రుల ఉద్యోగంతో గానీ, వీసాతో గానీ సంబంధం లేదు. మూడో పుట్టినరోజు తర్వాత వచ్చే టర్మ్ నుంచి మొదలవుతాయి: జనవరి 1, ఏప్రిల్ 1, సెప్టెంబర్ 1, ఈ మూడింటిలో పుట్టినరోజు తర్వాత ఏది ముందొస్తే అది.

ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు వారానికి 30 గంటలు, ఏడాదికి 1,140 గంటలు. 2025 సెప్టెంబర్ నుంచి ఇది 9 నెలల వయసు నుంచే వర్తిస్తోంది. ఇద్దరూ వారానికి 16 గంటల కనీస వేతనానికి తగ్గకుండా సంపాదించాలి, ఇద్దరిలో ఏ ఒక్కరి సర్దుబాటు చేసిన నికర ఆదాయమూ (అడ్జస్టెడ్ నెట్ ఇన్‌కం) ఏడాదికి లక్ష పౌండ్లు దాటకూడదు. దీనికి ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే 11 అంకెల కోడ్ వస్తుంది. టర్మ్ మొదలవకముందే కోడ్ చేతిలో ఉండాలి, ఆ తర్వాత ప్రతి మూడు నెలలకీ వివరాలు మళ్లీ నిర్ధారించాలి. చాలామంది ఇక్కడే మర్చిపోతారు. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది వీసా దగ్గర. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్లలో చాలామందికి "నో పబ్లిక్ ఫండ్స్" షరతు, అంటే కొన్ని ప్రభుత్వ సాయాలు తీసుకోకూడదన్న షరతు ఉంటుంది. భార్యాభర్తలిద్దరికీ అదే షరతు ఉంటే ఉద్యోగస్తుల 30 గంటలు రావు, టాక్స్-ఫ్రీ చైల్డ్‌కేర్ (పిల్లల సంరక్షణ ఖర్చులో కొంత ప్రభుత్వం కలిపే పథకం) కూడా రాదు. ఇద్దరిలో ఒకరికి పబ్లిక్ ఫండ్స్ తీసుకునే అనుమతి ఉంటే, మిగతా అర్హతలు కూడా కలిస్తే అప్లై చేయొచ్చు. అందరికీ ఇచ్చే ఆ 15 గంటలు మాత్రం ఏ వీసా ఉన్నా మీ పిల్లవాడివే. షరతుకి భయపడి అవి కూడా వదులుకున్న కుటుంబాలు నాకు తెలుసు. దయచేసి వదులుకోకండి.

ఈ గంటలన్నీ ఒకే చోట వాడాలని లేదు. కొన్ని ప్రీస్కూల్‌లో, కొన్ని చైల్డ్‌మైండర్ దగ్గర వాడొచ్చు. ఒకే రోజులో రెండు చోట్లకి మించకూడదు. చైల్డ్‌మైండర్ దగ్గర వాడాలంటే ఆవిడ ఈ పథకం కింద కౌన్సిల్‌తో ఒప్పందం చేసుకుని ఉండాలి. ఒకే గంటని రెండు చోట్లా లెక్కలో చూపించడం కుదరదు. అంటే పాప ప్రీస్కూల్‌లో ఉన్న గంటకి చైల్డ్‌మైండర్ ఏదైనా తీసుకుంటే అది మీ జేబులోంచే.

రెండో అడుగు: ఆవిడ వైపు లెక్క అర్థం చేసుకోండి

డబ్బు తీసుకుని, తన ఇంట్లో, 8 ఏళ్లలోపు పిల్లల్ని రోజుకి 2 గంటలు దాటి చూసుకునేవాళ్లు ఆఫ్‌స్టెడ్‌లో (స్కూళ్లని, పిల్లల సంరక్షణని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ) గానీ, చైల్డ్‌మైండర్ ఏజెన్సీలో గానీ రిజిస్టర్ అయి ఉండాలి. (మన అసోసియేషన్‌లో తెలిసిన ఆంటీ దగ్గర వదిలేవాళ్లు కూడా ఈ నియమం ఒకసారి సరిచూసుకోవాలి. రిజిస్ట్రేషన్ లేని చోట ఉచిత గంటలు గానీ, టాక్స్-ఫ్రీ చైల్డ్‌కేర్ గానీ పనిచేయవు.)

రిజిస్టర్ అయిన చైల్డ్‌మైండర్ ఒక్కరే ఉంటే ఒకే సమయంలో 8 ఏళ్లలోపు పిల్లల్ని ఆరుగురికి మించి చూడకూడదు. ఆ ఆరుగురిలో చిన్నపిల్లలు ముగ్గురికి మించకూడదు. ఇక్కడ చిన్నపిల్లలంటే ఐదో పుట్టినరోజు తర్వాత వచ్చే సెప్టెంబర్ 1 దాకా ఉన్నవాళ్లు. ఏడాదిలోపు పసివాళ్లు మామూలుగా ఒక్కరే. ఆవిడ సొంత పిల్లలు కూడా ఈ లెక్కలోకి వస్తారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల విషయంలో కొంత సడలింపు ఉంది.

అంటే ఆవిడకి రోజంతా ఉండే ఆదాయం మూడు చోట్ల నుంచే వస్తుంది. మీ పాప తొమ్మిదికి వెళ్లి పన్నెండుకి వచ్చేస్తుంది. ఆ మధ్యలో ఇంకో చిన్న పిల్లని తీసుకుంటే, మీ పాప పదిన్నరకే జ్వరంతో వచ్చేస్తే నలుగురవుతారు. పైగా ఆ మూడు గంటల్లో దింపడానికి ఇరవై నిమిషాలు, తీసుకురావడానికి ఇరవై నిమిషాలు మిగతా ఇద్దరినీ బగ్గీలో వేసుకుని ఆవిడ నడవాలి. ఆవిడ స్వయం ఉపాధి మీద బతుకుతున్న మనిషి. మనలాగా సెలవు పెట్టినా జీతం వచ్చే ఏర్పాటు ఆవిడకి లేదు.

ఇలా అన్నానని అడిగినంతా ఇచ్చేయమని కాదు. ఆవిడ లెక్క తెలిస్తే బేరం గౌరవంగా సాగుతుంది.

మూడో అడుగు: ఈ ప్రశ్నలు అడగండి

మొదటిది, ఆ గంటల్లో మా చోటులో ఇంకో పిల్లని తీసుకుంటున్నారా? తీసుకుంటున్నానంటే మీరు ఆ గంటలకి ఏమీ ఇవ్వనక్కర్లేదని నేను గట్టిగా చెబుతాను. ఒకే చోటుకి ఇద్దరి దగ్గర తీసుకోవడం న్యాయం కాదు. ఇది మర్యాదగా అడగొచ్చు, చాలామంది నిజాయితీగానే చెబుతారు.

రెండోది, దింపడం, తీసుకురావడం ఆవిడేనా? అయితే ఆ నడక సమయం ప్రీస్కూల్ గంటల్లో కలిసి ఉంటుంది. దాన్ని పాప లేని సమయం కింద లెక్కేయకూడదు.

మూడోదాన్ని మేము అడగలేదు. అడగకపోవడం వల్ల ఏమైందో చెబుతాను. ప్రీస్కూల్ మొదలైన ఆరో వారం, ఒక మంగళవారం పది ఇరవైకి నాకు ఫోన్ వచ్చింది. పాపకి వాంతి అయింది, వచ్చి తీసుకెళ్లండి అని. నేను వెంటనే చైల్డ్‌మైండర్‌కి ఫోన్ చేశాను. ఆవిడ బాధగానే చెప్పారు: వాంతులు, విరేచనాలు అయిన పిల్లల్ని 48 గంటల దాకా ఇంట్లోకి రానివ్వకూడదు, మిగతా ఇద్దరికీ అంటుకుంటుంది అని. ఆ నియమం సరైనదే, ప్రీస్కూళ్లలోనూ అదే ఉంటుంది. కానీ నేను ఆఫీసు నుంచి రెండు రైళ్లు మారి వెళ్లేసరికి పన్నెండున్నర. పాప ప్రీస్కూల్ ఆఫీసు గదిలో, ఒళ్లో ప్లాస్టిక్ గిన్నె పెట్టుకుని, కోటు వేసుకుని కూర్చుని ఉంది. ఆ గంటలన్నిటికీ మేము "ఫోన్ వస్తే నేనుంటాను" అన్న మాట మీద పూర్తి ఫీజు కడుతున్నాం.

అందుకని మీరు అడగాల్సింది ఇది: ప్రీస్కూల్ పిలిస్తే ఏయే సందర్భాల్లో మీరు వెళ్తారు, ఏయే సందర్భాల్లో వెళ్లరు? కిందపడి దెబ్బ తగిలితే, బెంగ పెట్టుకుని ఏడుపు ఆపకపోతే, బాయిలర్ పాడై ప్రీస్కూల్ మూసేస్తే, మామూలు జ్వరమైతే, అంటుకునే జబ్బయితే? ఒక్కొక్కటీ విడివిడిగా అడగండి. అన్నిటికీ వస్తానంటే ఆవిడ నిజంగా డ్యూటీలో ఉన్నట్టే. చాలావాటికి రానంటే మీరు కడుతున్నది చోటు ఆపినందుకు మాత్రమే, ఆ మేరకు ధర తగ్గాలి. ప్రీస్కూల్ ఫారంలో ఆవిడ పేరు, నంబర్, పాస్‌వర్డ్ రాయడం మర్చిపోకండి. అనుమతి లేని మనిషి చేతికి పిల్లని ఇవ్వరు.

నాలుగోది సెలవులు. ప్రీస్కూల్ ఏడాదిలో 38 వారాలే. మిగతా 14 వారాలు (స్కూలుకి అనుబంధంగా ఉండే నర్సరీ అయితే టీచర్ల శిక్షణ కోసం పిల్లలకి సెలవిచ్చే 5 ఇన్‌సెట్ రోజులు కూడా ఇందులోవే) పాప రోజంతా చైల్డ్‌మైండర్ దగ్గరే ఉండాలి. టర్మ్‌లో గంటలు తగ్గించుకుంటే సెలవుల్లో ఆ చోటు గ్యారంటీగా ఉంటుందా? ఇది అడగకుండా ఫీజు తగ్గించుకుని, ఆగస్టులో తలపట్టుకున్న వాళ్లున్నారు.

చాలా ప్రీస్కూళ్లలో కొత్తగా చేరిన పిల్లల్ని మొదటి వారం రెండు వారాలు గంటో, గంటన్నరో మాత్రమే ఉంచుకుంటారు. ఆ రోజుల ఫీజు సంగతి కూడా అప్పుడే మాట్లాడేయండి.

నాలుగో అడుగు: అంకెలు కాగితం మీద పెట్టండి

లెక్క సులువుగా ఉండటానికి గంటకి 6 పౌండ్లు అనుకుందాం. మీ చైల్డ్‌మైండర్ రేటు ఎంతైతే అది వేసుకోండి. పాప వారానికి మూడు రోజులు, ఎనిమిది నుంచి ఐదున్నర దాకా. రోజుకి తొమ్మిదిన్నర గంటలు, వారానికి 28.5 గంటలు. ప్రీస్కూల్ రోజుకి 3 చొప్పున 9 గంటలు.

పూర్తి ఫీజు కడితే వారానికి 171 పౌండ్లు. ప్రీస్కూల్ గంటలు తీసేస్తే 117. ఆ గంటలకి సగం కడితే 144. వారానికి చూస్తే చిన్న తేడాలే. 38 వారాలకి లెక్కేస్తే పూర్తిగా కట్టడానికీ, అసలు కట్టకపోవడానికీ మధ్య తేడా 2,052 పౌండ్లు. సగం అంటే 1,026. అందుకే నోటిమాట మీద వదిలేయొద్దంటున్నాను.

ఇంకో సంగతి చూడండి. మీకు 15 గంటలు ఉన్నాయి, ప్రీస్కూల్‌లో వాడేది 9. మిగతా 6 గంటలు ఎవరూ వాడకుండా పోతున్నాయి. చైల్డ్‌మైండర్ కౌన్సిల్ పథకంలో ఉంటే, మధ్యాహ్నం పూట రోజుకి 2 గంటల చొప్పున ఆ 6 గంటలు ఆవిడ దగ్గర పెట్టించండి. వారానికి 36 పౌండ్లు తగ్గుతుంది. ప్రీస్కూల్ గంటలకి సగం ఫీజు ఇవ్వడానికి ఒప్పుకున్నా మీరు కట్టేది 108 మాత్రమే. పూర్తి ఫీజు ఇచ్చినా 135. మేము ఈ మాట ముందే తెలుసుకుని ఉంటే మొదటి టర్మ్ అంతా అంత గింజుకునేవాళ్లం కాదు.

అసలు ప్రీస్కూల్ అవసరమా అన్నది కూడా ఇదే బల్ల మీద ఆలోచించొచ్చు. మొత్తం 15 గంటలు చైల్డ్‌మైండర్ దగ్గరే వాడితే ఈ ఉదాహరణలో వారానికి 81 పౌండ్లు, భోజనం ఖర్చు వేరు. ఆవిడ కూడా ప్రీస్కూల్ పాటించే ఎర్లీ ఇయర్స్ (ఐదేళ్లలోపు పిల్లల సంరక్షణ, చదువు) ప్రమాణాలనే పాటించాలి. మా పాపకి ఎక్కువమంది పిల్లల మధ్య ఉండటం అలవాటు కావాలని మేము ప్రీస్కూల్ వైపే మొగ్గాం. సిగ్గరి పిల్లలైతే ఇంకో ఏడాది ఆగినా నష్టమేమీ లేదు.

ఐదో అడుగు: ఎంతకి ఒప్పుకోవాలి

ఈ గంటలకి తప్పకుండా కట్టాలని గానీ, కట్టక్కర్లేదని గానీ చెప్పే చట్టం లేదు. మీ కాంట్రాక్ట్‌లో ఏముంటే అదే. నేను పాటించే కొలత చెబుతాను. చోటు మీ కోసం ఖాళీగా ఉంచి, దింపి, తెచ్చి, పిలిస్తే వెళ్తానంటే పూర్తి ఫీజు అడగడం అన్యాయం కాదు, కానీ కాస్త తగ్గించమని అడగొచ్చు. చోటు ఉంచుతాను గానీ పిలిస్తే రాలేనంటే సగం సబబు. దీన్ని ఇక్కడ రిటైనర్ అంటారు. ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తే సున్నా, అయితే సెలవుల్లో మీకు చోటు ఉంటుందన్న నమ్మకం కూడా వదులుకోవాలి.

మేము చివరికి సగానికి ఒప్పుకున్నాం, మిగిలిన ఉచిత గంటలు ఆవిడ దగ్గరే పెట్టాం. జ్వరమైనా, దెబ్బైనా, ప్రీస్కూల్ మూసేసినా ఆవిడ వెళ్తారు. వాంతులు, విరేచనాలైతే నేనో, మావారో.

మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడేవాళ్లకి, నేను పంపిన మెసేజ్ సారాంశం ఇది: "ఏప్రిల్ నుంచి పాప మూడు పూటలు ప్రీస్కూల్‌కి వెళ్తోంది. మీ దగ్గర తన చోటు పోకూడదు, మీకూ నష్టం రాకూడదు. ఆ గంటల్లో ఏం చేయగలరో, ఎంత తీసుకుంటే బాగుంటుందో ఒక సాయంత్రం పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకుందామా?" తలుపు దగ్గర, పిల్లల ఏడుపుల మధ్య డబ్బు మాట ఎత్తకండి.

ఆరో అడుగు: రాసి పెట్టుకోండి

పాత కాంట్రాక్ట్ మీదే సర్దుకుపోకుండా కొత్తది రాయించండి, ఇద్దరూ సంతకం చేసి తేదీ వేయండి. ఏ రోజుల్లో ఏ గంటలు ప్రీస్కూల్‌వి, ఆ గంటల రేటు, ఎవరు దింపుతారు, ఎవరు తెస్తారు, పిలిస్తే ఏ సందర్భాల్లో ఆవిడ వెళ్తారు, సెలవుల్లోనూ ఇన్‌సెట్ రోజుల్లోనూ ఏ రేటు, ప్రీస్కూల్ అనుకోకుండా మూసేస్తే ఏంటి, ఆ చోటుని ఇంకొకరికి ఇస్తే మీ ఫీజు ఏ రోజు నుంచి ఆగుతుంది, మార్పుకి ఎన్ని వారాల నోటీసు. నోటీసు సాధారణంగా నాలుగు వారాలుంటుంది కాబట్టి టర్మ్ మొదలవడానికి కనీసం రెండు నెలల ముందే మాట్లాడండి.

ఏడో అడుగు: కట్టేటప్పుడు

ఇన్వాయిస్‌లో అన్నీ కలిపి ఒకే అంకె ఉంటే ఒప్పుకోకండి. ఉచిత గంటలు, మీరు కట్టే గంటలు, రిటైనర్, భోజనం, ఇతర ఖర్చులు విడివిడిగా ఉండాలి. ఉచిత గంటల మీద అదనపు రేటు వసూలు చేయకూడదు. భోజనానికి, డైపర్ల లాంటివాటికి అడగొచ్చు గానీ, అవి కడితేనే ఉచిత గంటలిస్తామనకూడదు.

అర్హత ఉన్నవాళ్లు టాక్స్-ఫ్రీ చైల్డ్‌కేర్ ఖాతా తెరవండి. మీరు 8 పౌండ్లు వేస్తే ప్రభుత్వం 2 కలుపుతుంది, ఒక్కో పిల్లకి మూడు నెలలకి 500 దాకా, ఏడాదికి 2,000 దాకా. వైకల్యం ఉన్న పిల్లలకి ఈ పరిమితి రెట్టింపు. యూనివర్సల్ క్రెడిట్‌తో (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వమిచ్చే సాయం) కలిపి దీన్ని తీసుకోలేరు.

తేడా వస్తే

ముందు సంతకాలు చేసిన కాగితం తీసి, ఆవిడతోనే మాట్లాడండి. ఉచిత గంటలకి డబ్బు అడుగుతున్నారంటే కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. రిటైనర్ లాంటి ఫీజు గొడవల్లో ఆఫ్‌స్టెడ్ తలదూర్చదు, వాళ్ల పని పిల్లల భద్రత, నాణ్యత చూడటం. కాంట్రాక్ట్ షరతు మరీ ఏకపక్షంగా ఉందనిపిస్తే 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం షరతులు న్యాయంగా, స్పష్టంగా ఉండాలి. సిటిజన్స్ అడ్వైస్ దగ్గర ఉచితంగా సలహా దొరుకుతుంది.

పిల్లలు నాలుగేళ్లు నిండాక సెప్టెంబర్‌లో రిసెప్షన్‌కి (స్కూల్లో మొట్టమొదటి తరగతి) వెళ్తారు. అప్పుడు ఈ లెక్కంతా మళ్లీ మారుతుంది: పొద్దున స్కూలుకి ముందు గంట, సాయంత్రం మూడు తర్వాత రెండు గంటలు, సెలవుల్లో రోజంతా. మా చైల్డ్‌మైండర్ మే నెలలోనే అడిగారు, సెప్టెంబర్‌లో మీ చోటు కావాలా, వదిలేస్తారా అని. ఆ ఫ్రిజ్ కాగితంలో మా పాప గడి మీద పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి ఉంది. సాయంత్రాలు మాకే ఉంచమని చెప్పి వచ్చాను.